పెళ్లి పిలుపుల రోజుల్లో నా పక్కన కూర్చున్నవాళ్లకు

మొన్న మాఘమాసంలో మా చెల్లి పెళ్లయింది. అప్పగింతలు, సారె, పదహారు రోజుల పండుగ అన్నీ ముగిశాక ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. నత్తి ఉన్నవాళ్లం కలిసి పెట్టుకున్న మన వాట్సాప్ గ్రూపుకి ఇది నా కృతజ్ఞత. గ్రూపులోనే పెడితే మీరు మాత్రమే చదువుతారు. నాలాంటివాళ్ల కంట పడాలని ఇక్కడ అందరి ముందూ పెడుతున్నాను.

నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ నత్తి. అమ్మమ్మ వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాసింది. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని పద్యాలు చదవమన్నారు ఇంకెవరో. చదువయ్యాక, 40 రోజుల్లో పూర్తిగా పోగొడతామన్న ఒక చోట 18 వేలు కట్టాను. వాళ్ల గదిలో గడగడా మాట్లాడాను. మెట్లు దిగి ఆటో పిలవబోతే గొంతు పట్టేసింది. ఆ రోజు ఇంటికొచ్చి అమ్మతో కూడా మాట్లాడలేదు.

తెనాలి నుంచి వచ్చి మూసాపేటలో ఉంటున్నాం. నా ఉద్యోగం పంజాగుట్టలో. 'ప' అనాలంటే నాకు పెదాలు అతుక్కుపోతాయి. 218 బస్సెక్కితే కండక్టరుకి "అమీర్‌పేట" అని చెప్పి, అక్కడ దిగి పంజాగుట్ట దాకా నడిచేవాణ్ణి. ఎండాకాలంలో కూడా. 2022లో మెట్రో టికెట్ వాట్సాప్‌లోనే తీసుకునే వీలు వచ్చాక ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కదా అని. అలా నోరు తెరవాల్సిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా వదులుకుంటూ వస్తున్నానని మీలో చేరాక గానీ నాకు తెలియలేదు.

మొదటి ఆదివారం వీడియో మీటింగులో పేరు చెప్పమన్నారు. నత్తి ఉన్నవాడికి అన్నిటికంటే కష్టమైన మాట తన పేరే. బస్టాపు పేరు మార్చి చెప్పొచ్చు, సొంత పేరు మార్చుకోలేం కదా. నాకు చాలాసేపు పట్టింది. తెర మీద ఇరవై ముఖాలు. ఒక్కరూ తల దించలేదు, నా బదులు పూర్తి చేయలేదు, "నిదానంగా చెప్పు" అనలేదు. ఊరికే ఎదురుచూశారు. ఇరవై తొమ్మిదేళ్లలో నా మాట కోసం అలా ఎదురుచూసినవాళ్లు అమ్మానాన్న తప్ప ఎవరూ లేరు.

పెద్దవాళ్లలో దాదాపు నూటికి ఒకరికి నత్తి ఉంటుందనీ, ఆడవాళ్ల కంటే మగవాళ్లలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువనీ మీరు చెబితేనే తెలిసింది. భయం వల్లో, పెంపకం వల్లో వచ్చేది కాదనీ, వంశంలో రావచ్చనీ, మెదడు మాటను నడిపించే తీరులోనే తేడా ఉంటుందనీ చెప్పారు. ఆ రాత్రి అమ్మకి ఇదంతా వివరిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంది. తన వల్లే ఇలా అయ్యిందని ఇన్నేళ్లూ అనుకుంటూ ఉందట.

ఇక పిలుపుల సంగతి. నాన్నగారు పోయి నాలుగేళ్లు. ఆడపెళ్లివారి తరఫున పిలవాల్సినవాణ్ణి నేనే. శుభలేఖ ఫోన్‌లో పంపి ఊరుకుంటే మా వాళ్లు ఊరుకోరు, "నోటితో పిలవలేదు" అన్న మాట పదేళ్లు మిగిలిపోతుంది. ఊళ్లో వాళ్లని అమ్మ, నేను వెళ్లి పిలిచాం. దూరాన ఉన్న 62 ఇళ్లకి ఫోన్లు చేయాలి. జాబితా రాసుకుని చూస్తే పెదనాన్న, పెద్దమ్మ, పిన్ని, బాబాయ్, మామయ్య, బావ. మన చుట్టరికాలన్నీ పెదాల మీదే మొదలవుతాయి! అత్తయ్య ఒక్కతే నన్ను కనికరించింది. వాళ్లని పిలవాల్సింది దేనికి? పెళ్లికి. అదీ 'ప'నే.

ఆ రాత్రి ఒంటిగంటకి గ్రూపులో రాశాను, నా వల్ల కాదని. పొద్దున లేచేసరికి మీరు వంతులు వేసేసుకున్నారు. తొమ్మిది రోజులు, రోజూ సాయంత్రం ఏడింటికి. లాప్‌టాప్‌లో మీరు, చేతిలో ఫోను. మీ మైకులు ఆపేసుకుని కూర్చునేవారు. కాకినాడ టీచరుగారు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, వరంగల్ అక్క చపాతీలు ఒత్తుకుంటూ, ఆదిలాబాద్ తమ్ముడు బ్యాంకు నుంచి బస్సులో ఇంటికి వెళుతూ.

మొదటి ఫోను పెదనాన్నకి. నా గొంతులోంచి గాలి కూడా రాలేదు. "హలో, హలో... సిగ్నల్ లేనట్టుందిరా" అని పెట్టేశారు. రెండోసారీ అంతే. అప్పుడు వరంగల్ అక్క మైకు తెరిచి, "తమ్ముడూ, దాచకు. ముందు ఆ సంగతే చెప్పెయ్" అంది. మూడోసారి, "పె... పె... పెదనాన్నా, నాకు నత్తి కదా, కాస్త ఆగండి, చెబుతాను" అన్నాను. ఆ 'పె'ని కావాలనే తేలిగ్గా రెండుసార్లు అన్నాను, మీరు నేర్పిన బౌన్సింగ్. ఆయన ఆగారు. మొత్తం విన్నారు. చివర్లో, "మీ నాన్న కూడా ఇలాగే మెల్లగా పిలిచేవాడురా" అన్నారు. నాన్నగారికి చిన్నప్పుడు నత్తి ఉండేదని ఆ రోజే తెలిసింది నాకు. ఫోను పెట్టేసి తల ఎత్తితే మీలో ఇద్దరు కళ్లు తుడుచుకుంటున్నారు.

అన్ని ఫోన్లూ అలా జరగలేదు. ఒకాయన నవ్వారు. ఇంకొకావిడ "అమ్మకివ్వు బాబూ" అంది, ఇచ్చేశాను. ఆ రెండు రోజులూ ఏం మాట్లాడకుండా నాతో అరగంట ఎక్కువ కూర్చున్న టీచరుగారికి ప్రత్యేకంగా దండం పెడుతున్నాను.

బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థకి (మాట, వినికిడి ఇబ్బందులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది) నన్ను పంపిన అన్నకి కూడా. అక్కడ స్పీచ్ థెరపీలో పోగొడతామని మాట ఇవ్వలేదు. పెదాలు బిగించకుండా, గాలి వదులుతూ, నత్తి వచ్చినా మాట ఆపేయకుండా ముందుకు వెళ్లడం నేర్పారు. నత్తి ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, మాయం చేస్తామనే వీడియోల జోలికి పోకుండా ముందు ఇలాంటి చోటికి వెళ్లండి. మీ బిడ్డ మాట మధ్యలో అందుకోకండి.

నాకు నత్తి తగ్గలేదు. ఇప్పుడు పంజాగుట్టకే టికెట్ అడుగుతున్నాను.

పెళ్లికి మీలో పదకొండుమంది వచ్చారు. ఒకే బంతిలో కూర్చుని భోంచేశారు. అమ్మ దగ్గరుండి వడ్డించింది. రాలేనివాళ్లని కూడా ఉగాదికి మా ఇంటికి పిలవమంటోంది. మెసేజ్ పెట్టను. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. నిశ్శబ్దంగా ఉంటే పెట్టేయకండి, లైన్లో నేనే.