డ్రాప్‌గాడి ఉత్తరం

ఒరేయ్ జోకర్,

తిట్టకు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తెలుసు. అమ్మ కంటి ఆపరేషన్, ఆఫీసులో మార్చి లెక్కలు, ఇల్లు మారడం... అన్నీ గడిచాయి. అమ్మ పేపర్ చదివేస్తోంది. విశేషాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపుబ్బి పోయేలా ఉన్నా.

మొన్న కాకినాడ నుంచి గౌతమిలో హైదరాబాద్ వచ్చా. (పొద్దున దిగి సాయంత్రం తిరుగు బండి ఎక్కేశాను, ఆ తిట్లు విడిగా తిట్టు.) నిద్ర పట్టక ఫోన్లో వీడియో పోకర్ తీశా. ఎదుట మనుషులుండరు, బ్లఫ్ ఉండదు, మెషిన్‌తోనే ఆట. కంగారుపడకు, ఉత్తుత్తి కాయిన్లే. డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం మీ తెలంగాణలో 2017లో, మా ఆంధ్రాలో 2020లో నిషేధించారని నువ్వే కదా క్లాసు పీకావు!

ఆట ఇలా ఉంటుంది. తెర మీద పది వరసలు. అడుగు వరసలో ఐదు ముక్కలు పడతాయి. ఉంచుకునేవాటి మీద వేలు పెడితే ‘హోల్డ్’ అని వస్తుంది. పై తొమ్మిది వరసల్లోనూ అవే ముక్కలు వచ్చి కూర్చుంటాయి. ‘డ్రా’ నొక్కితే ఖాళీలు ఏ వరసకా వరస వేరుగా నిండుతాయి. జాకీల జతకీ అంతకు పైవాటికీ పెట్టింది తిరిగొస్తుంది, పదుల జతకి గుండు సున్నా. రెండు జతలకి పెట్టినదానికి 2 రెట్లు, ఒకే రకం మూడైతే 3, వరసగా ఐదైతే 4, ఐదూ ఒకే గుర్తైతే ఫ్లష్, దానికి 6, ఫుల్ హౌస్‌కి (ఒక రకం మూడు, ఇంకో రకం రెండు) 9. ఆడేముందు ఆ 9, 6 ఉన్నాయో లేదో చూసుకో, కొన్ని యాప్‌లు 8, 5తో సరిపెట్టేస్తాయి.

సరే, పడ్డాయిరా ముక్కలు! ఆఠీను పది, జాకీ, రాణి, రాజు... ఐదోది ఆఠీను ఐదు. ఫ్లష్! వరసకో కాయిన్ చొప్పున పెట్టాను కాబట్టి పదింటికీ కలిపి 60 ఖాయం. ఐదూ హోల్డ్ చేసేశా. ఎదుటి సీట్లో రిటైరైన లెక్కల మాస్టారు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తూ, "ఆ ఐదు తీసెయ్ నాయనా" అన్నారు.

"చేతిలో ఉన్నది చెడగొట్టుకోమంటారా?"

ఆయన తొక్కలు కాగితం మీద పోసి వేళ్లు మడవడం మొదలెట్టారు. మిగిలినవి 47 ముక్కలు. ఆఠీను ఆసు వస్తే రాయల్ ఫ్లష్, అంటే ఒకే గుర్తులో పది నుంచి ఆసుదాకా, 250. ఆఠీను తొమ్మిదైతే ఒకే గుర్తులో వరసగా ఐదు, 50. ఇంకో ఆరు ఆఠీన్లలో ఏదొచ్చినా మళ్లీ ఫ్లషే. "సగటున వరసకి దాదాపు 8 వస్తుంటే నువ్వు 6 దగ్గర ఆగిపోతున్నావు" అన్నారు.

నాకు కళావరు ఏడు రాత్రి గుర్తొచ్చింది. నవ్వకు! ఆ రోజు నేను డ్రాప్ అని ఆట వదిలేయకపోయుంటే... వద్దులే.

తీసేశా. నొక్కా. కళావరు మూడు. డైమను ఎనిమిది. ఇస్పేటు రెండు. నా మొహం మాడింది. నాలుగో వరసలో ఆఠీను ఆసు! అరిచేశా, పై బెర్త్ ఆవిడ దుప్పటి తీసి చూసింది. తొమ్మిదో వరసలో మళ్లీ ఆఠీను ఆసే!

ఒక పేకలో ఆఠీను ఆసులు రెండెలా ఉంటాయి? దొంగ యాప్ అన్నా. మాస్టారు నవ్వి, "పది వరసలకీ పది పేకలు నాయనా, దేనికది విడిగా కలుపుతుంది" అన్నారు. ఒక ఫ్లష్, ఒకచోట వరసగా ఐదు, రెండుచోట్ల పెద్ద ముక్కల జత, వాటితో కలిపి మొత్తం 512 వచ్చాయి.

అప్పుడడిగారాయన. "వరసకి ఎన్ని పెట్టావు?"

"ఒకటి."

ఒలిచిన గింజ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. మిగతా వాటికి ఐదు పెడితే ఐదు రెట్లే. రాయల్‌కి మాత్రం 1250 కాదట, ఏకంగా 4000! అంటే 8000 రావాల్సిన చోట 500 తెచ్చుకున్నాన్రా. చేతిలో 900 కాయిన్లున్నాయి. ఉత్తుత్తి కాయిన్ల దగ్గర కూడా పిసినారితనమేంట్రా నాకు? కాజీపేట దాటేదాకా ఆయన నా వైపు చూడలేదు.

దిగేముందు ఇంకోటి చెప్పారు. జాకీల జతా, రాయల్‌కి మూడు ముక్కలూ ఒకే చేతిలో పడితే ఏది ఉంచాలంటే... ఆగు, అమ్మ పిలుస్తోంది, కంట్లో చుక్కలు వేసే టైమైంది.

నీ
డ్రాప్‌గాడు