పాత థార్ కొనబోయేవాళ్లకి ఒక జీపు డ్రైవరు మాట

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మహీంద్రా వాళ్ల జీపులు పాత థార్‌నీ కొత్త థార్‌నీ పక్కపక్కన పెట్టి రాసిన వ్యాసం చదివాను. పాతదే అసలైన జీపు, కొత్తది సిటీవాళ్ల కారు అని అందులో తేల్చేశారు. చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ముప్ఫై ఒక్క ఏళ్లు పాడేరు ఏజెన్సీలో ఆసుపత్రి జీపు తోలాను. రిటైరై నాలుగేళ్లయింది. పోయిన ఏడాది మా అమ్మాయి కోసం సరిగ్గా ఈ రెండు బళ్ల మధ్యే మూడు నెలలు కొట్టుమిట్టాడాను.

పాత జీపంటే నాకు ప్రేమ లేక కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడంతో మొదలైన మహీంద్రా వరసలోదే 2010 అక్టోబరులో వచ్చిన మొదటి థార్. గుడ్డ టాపు, వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), లోపల రేకు. నేను తోలిన జీపు దానికంటే ముందు తరంది. 1998 వానాకాలంలో ఒక రాత్రి, పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. దారిలో గెడ్డ (కొండవాగు) పొంగుతోంది. గేరు రాడ్ పక్కనుండే పొట్టి రాడ్‌ని లాగి, నాలుగు చక్రాల్నీ నిదానంగా, ఎక్కువ బలంతో తిప్పే 'ఫోర్ వీల్ లో'కి వేసి, ఫస్ట్ గేరులో, యాక్సిలేటర్ మీద కాలు కదపకుండా దాటించాను. గట్టెక్కగానే ఘాట్ దిగుడు. ఆ బండికి అన్నీ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ముల్లోకి నీళ్లు చేరితే పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. పెడల్‌ని మెల్లగా నొక్కిపట్టి తోలుతూ ఉంటే లైనింగు రాసుకుని, వేడెక్కి ఆరుతుంది. అది ఆరేదాకా ఇంజిను గేరు మీదే బండిని ఆపుకుంటూ దిగాను. తెల్లారుజామున ఆడపిల్ల పుట్టింది. అలాంటి బండి మీద నాకు కోపం ఎందుకుంటుంది?

అయితే మీ వ్యాసం ఒక్కసారి కూడా తలుచుకోని మనుషులున్నారు. వెనక కూర్చునేవాళ్లు. 2006లో మా ఏఎన్ఎం గారు టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక పక్కబల్ల మీద కూర్చున్నారు. మలుపులో గొడ్డు అడ్డం వచ్చింది. బ్రేకు కొట్టాను. ముప్ఫైకి మించి స్పీడు లేదు. ఆవిడ బల్ల మీద జారి, టాపుని మోసే ఇనప కమ్మీకి కనుబొమ్మ కొట్టుకున్నారు. ఏడు కుట్లు పడ్డాయి. పెట్టె మాత్రం వదల్లేదు. బ్రేకు నేను సరిగ్గానే వేశాను. ఆవిడా సరిగ్గానే కూర్చున్నారు. కానీ పక్కవాటంగా కూర్చున్న మనిషిని సీట్లో ఆపడానికి ఆ బండిలో ఏమీ లేదు. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే నా చూపు ముందు ఆ మచ్చ మీదికే పోతుంది.

మొదటి థార్‌లోనూ వెనక ఎదురుబదురు బల్లలే. ఎయిర్‌బ్యాగులు చివరిదాకా రాలేదు. గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వచ్చింది 2019లో, ఇక ఆ బండి అమ్మకాలు ముగియబోతున్నాయనగా. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన రెండో థార్‌లో ముందు రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, మొదట్లో వచ్చిన కొన్ని చవక మోడళ్లలో తప్ప ముందుకి చూసే వెనక సీట్లు, వాటికి బెల్టులు వచ్చాయి. అదే ఏడాది, కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూసిన పరీక్షలో పెద్దల రక్షణకి 4 నక్షత్రాలు, పిల్లల రక్షణకి 4 నక్షత్రాలు తెచ్చుకుంది. మీ వ్యాసంలో వీటన్నిటినీ కలిపి 'సౌకర్యాలు' అని ఒక్క వాక్యంలో దాటేశారు. ఏసీ సౌకర్యం, టచ్ స్క్రీను సౌకర్యం. బెల్టు సౌకర్యం ఎలా అవుతుందండీ?

కమాన్లు పోయి వెనక కాయిల్ స్ప్రింగులు రావడంతో బండి మెత్తబడిపోయిందని కూడా రాశారు. కమాన్ బండికి బరువు ఎక్కిస్తే బాగా పోతుంది, నిజమే. ఖాళీగా రాళ్ల మీద పోతే మాత్రం వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన చక్రం నేలకి ఆనదు, ఆనని చక్రం బండిని తోయదు. కొత్తదాని చక్రం గుంటలోకి దిగి మరీ నేలని పట్టుకుంటుంది. మెత్తదనం అంటే అదే అయితే అది మంచికే. కింద నిచ్చెన ఆకారపు చాసిస్ అలాగే ఉంది, ఫోర్ వీల్‌కి 'లో' గేరు అలాగే ఉంది, దాన్ని వేసే రాడ్ కూడా అలాగే ఉంది. నేల నుంచి ఎత్తు పాతదానికి 200 మిల్లీమీటర్లు, కొత్తదానికి 226. పాత థార్‌లో రెండు రకాల డీజిల్ ఇంజిన్లుండేవి, పాతకాలపు డీఐ, కంప్యూటర్‌తో నడిచే సీఆర్‌డీఈ. ఆ సీఆర్‌డీఈ శక్తి 105 హార్స్ పవర్, కొత్త 2.2 లీటర్ల డీజిల్‌ది 130. ఇంక సిటీ కారు ఎలా అయింది?

రిపేరు విషయంలో మీ మాట సగం ఒప్పుకుంటాను. పాతదైతే ఊళ్లో మెకానిక్ పానాలతో బాగుచేస్తాడన్నారు. అది డీఐ ఇంజినుకి చెల్లుతుంది. 63 హార్స్ పవర్‌దే అయినా పంపు, ఇంజెక్టర్లు తప్ప అందులో పెద్దగా మాయ లేదు. సీఆర్‌డీఈ పాత థార్‌లోదైనా దానికి కంప్యూటర్ ఉంది. సెన్సర్ పోతే చెట్టు కింద మెకానిక్ చేతులెత్తేస్తాడు, స్కానరున్న చోటికి బండిని లాక్కెళ్లాల్సిందే. ఈ తేడా తెలియక, పాత థార్ అంటే అన్నీ ఒకటే అనుకుని కొని బాధపడ్డవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

మా అమ్మాయి పెదబయలు వైపు టీచరుగా పనిచేస్తోంది. నాలుగేళ్ల పాప ఉంది. మొదట నేను పాతదాని వైపే మొగ్గాను. అనకాపల్లి దగ్గర ఒక అమ్మకందారు 2013 మోడల్ బండి చూపించాడు. నల్లగా నిగనిగలాడుతూ, పెద్ద టైర్లు, ఇనప బంపరు, టాపు మీద వరసగా లైట్లు. ఆరు లక్షల ఎనభై వేలు చెప్పాడు. ఆర్‌సీ చేతికి తీసుకుంటే అందులో 2523 సీసీ అని ఉంది. అంటే డీఐ ఇంజిను. బానెట్ ఎత్తి టార్చి కొట్టి చూశాను. డీఐ అయితే పంపు దగ్గర నుంచి నాలుగు సన్న పైపులు నాలుగు ఇంజెక్టర్లకీ విడివిడిగా పోవాలి. ఇక్కడ లావుపాటి గొట్టం ఒకటి అడ్డంగా ఉంది, పైపులన్నీ దానికే తగిలించి ఉన్నాయి. అది సీఆర్‌డీఈకి ఉండే కామన్ రెయిల్. ఎక్కడో దెబ్బతిన్న సీఆర్‌డీఈ బండి ఇంజిను తెచ్చి ఇందులో కూర్చోబెట్టారు. ఇంజిను నంబరు అడిగితే "ఈ రోజుల్లో అవన్నీ ఎవరు చూస్తారు బాబాయ్" అన్నాడు.

చూస్తారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇంజిను మార్చాలంటే ముందే అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే యాక్సిడెంట్ జరిగిన రోజున ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. పైగా మొదటి థార్లకి ఇప్పుడు పదిహేనేళ్లు నిండుతున్నాయి. ఆర్‌సీ రెన్యువల్‌కి బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి ఏకంగా 5,000 అయింది. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఇంజిను నంబరు కలవని బండి ఆ తనిఖీ ఎలా దాటుతుంది? పాత బండి కొనేవాళ్లు దయచేసి చాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజిను మీద నంబరు ఆర్‌సీతో కలుస్తున్నాయో లేదో కళ్లతో చూసుకోండి. కింద పడుకుని కమాన్లు బిగించే చోట చాసిస్‌కి వెల్డింగు మచ్చలున్నాయేమో చూడండి. మీ వ్యాసంలో వీటి గురించి ఒక్క ముక్క ఉన్నా నాకు ఈ ఉత్తరం రాసే అవసరం సగం తప్పేది.

కొత్తదానిలో కూడా ఒక మెలిక ఉంది. 2023 జనవరి నుంచి ఇంజిను వెనక చక్రాల్ని మాత్రమే తిప్పే థార్ కూడా వస్తోంది. 1.5 లీటర్ల డీజిల్, ధర తక్కువ. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. రోడ్డు మీద తిరగడానికి ఆ బండికి నేను వంక పెట్టను. కానీ థార్ కదా, ఎక్కడికైనా పోతుంది అనుకుని వానాకాలం మట్టి దారిలోకి దింపుతున్నారు. ముంచంగిపుట్టు దారిలో అలా కూరుకుపోయిన బండిని ట్రాక్టరుతో లాగించాను. ఆ కుర్రాడు నిజంగానే 'ఫోర్ వీల్' రాడ్ కోసం వెతుకుతున్నాడు. ఫోర్ వీల్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. ఫోర్ వీల్ వేసుకుని పొడి తారు రోడ్డు మీద మలుపులు తిప్పకండి. ఈ బళ్లలో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందువి ఒక దూరం, వెనకవి ఒక దూరం తిరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

ఒంటరిగా తోటకి వెళ్లొచ్చే మనిషి, పానా పట్టడం వచ్చిన మనిషి, కాగితాలు సరిగ్గా ఉన్న పాత థార్ కొనుక్కుంటే నేను వద్దనను. దాన్ని తోలడంలో ఉన్న ఆనందం నాకు తెలుసు. మా ఇంట్లో మాత్రం పాప ఉంది. నేను ఇంకా పాతదాని మాటే ఎత్తుతుంటే మా అమ్మాయి ఒక రోజు, "నాన్నా, ఆ బండి నువ్వు తోలేవు గానీ దాని వెనక బల్ల మీద నువ్వెప్పుడైనా కూర్చున్నావా?" అని అడిగింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.

2021 మోడల్ కొత్త థార్ తీసుకున్నాం. డీజిల్, మాన్యువల్ గేర్లు, గట్టి టాపు, ఫోర్ వీల్‌దే. పాతదాని మీద పెట్టాలనుకున్నదానికంటే చాలా ఎక్కువే అయింది, లోను పెట్టాల్సి వచ్చింది. వెనక సీటుకి పాప సీటు బిగించుకునే కొక్కేలు ఉన్నాయి. మొన్న జులైలో మొదటిసారి గెడ్డ దగ్గర తనే తోలింది, నేను పక్కన కూర్చున్నాను. కంపెనీ లెక్క ప్రకారం 650 మిల్లీమీటర్ల లోతు దాకా దాటొచ్చు. అంటే మనిషికి మోకాలు దాటి ఇంచుమించు జానెడు. అది నిలవ నీళ్ల మాట, ఉరకలేసే నీళ్లకి ఆ లెక్క పనికిరాదని ముందే చెప్పాను. తను బండి ఆపి, దిగి, చీర కుచ్చిళ్లు దోపుకుని, కర్రతో లోతు చూసింది. నీళ్లు పిక్కల దాకానే ఉన్నాయి గానీ వడి ఎక్కువగా ఉంది. వెనక్కి వచ్చి, "గంట ఆగుదాం నాన్నా" అంది. ఆగాం. పాప బెల్టు పెట్టుకునే నిద్రపోయింది.

– విశ్రాంత ఆసుపత్రి జీపు డ్రైవరు, పాడేరు