పద్మకు, ఆ క్యాప్సూల్స్ గురించి

వలసరవాక్కం, చెన్నై

ప్రియమైన పద్మకు,

బరువు తగ్గడానికి నువ్వు తెప్పించుకున్న క్యాప్సూల్స్‌లో ఉన్నవి గ్రీన్ టీ సారం, గార్సీనియా మాత్రమేనని, రెండూ మొక్కలే కనుక భయం లేదని, అవే వాడిన మీ వదినకు ఏమీ కాలేదని రాశావు. అక్కడే నాకు నీతో పేచీ. మా పై అంతస్తులో ఉండే నెల్లూరు ఆవిడ కూడా అలాంటివే వాడుతూ, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్ళంతా దురద పెట్టినా, కళ్ళు పచ్చబడేదాకా వాటిని అనుమానించలేదు. కామెర్లనగానే ఇరుగుపొరుగు కీళానెల్లి (మన నేల ఉసిరి) రసం తాగమన్నారు, ఊరి నుంచి వచ్చిన అత్తగారు పసరు మందు కోసం పట్టుబట్టారు. కాలేయ వైద్యుడు మాత్రం ముందుగా మూలికలన్నీ ఆపించాడు.

గ్రీన్ టీ కాచుకుని తాగడం వేరు, ఆ ఆకులోని ఇజీసీజీ అనే పదార్థాన్ని గాఢంగా తీసి క్యాప్సూల్‌లో నింపడం వేరు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి అది తీసుకున్నవారిలో రక్తంలో కాలేయ ఎంజైములు పెరుగుతున్నాయని (కాలేయం దెబ్బతింటోందనడానికి అదో గుర్తు) యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. గార్సీనియా అంటే మలయాళీలు చేపల కూరలో వేసే కుడంపుళియే. కూరలో పడే రెండు రెబ్బల సంగతి కాదు నేను చెప్పేది, సారం సంగతి. ఈ రెండింటి వల్లా కాలేయం దెబ్బతిన్నవారిలో చాలామందికి హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అనే జన్యు రకం ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. ఆ రకం అందరిలో ఉండదు, కాబట్టి మీ వదినకు ఏమీ కాలేదన్నది నీకు భరోసా కాదు. ఇంకో సంగతి విను: 2013లో హవాయిలో ఆక్సీఎలైట్ ప్రో అనే బరువు తగ్గించే ఉత్పత్తి వాడినవారికి కాలేయ వాపు వచ్చినప్పుడు, అనుమానం అందులోని ఏజిలైన్ మీద పడింది. అది మనం శివుడికి పెట్టే మారేడులో ఉండే పదార్థమే, అయితే ఆ ఉత్పత్తిలో వేసింది కృత్రిమంగా తయారు చేసినది.

క్యాప్సూల్స్ ఇవాళే ఆపు. రేపు ఒంగోలులోనే లివర్ ఫంక్షన్ పరీక్ష చేయించు. ఆకలి మందగించినా, కుడి డొక్క పైభాగంలో నొప్పి వచ్చినా ఫలితాల కోసం ఆగకుండా వైద్యుడి దగ్గరకు వెళ్ళు. డబ్బా మాత్రం పారేయకు, దాన్ని ఆయనకు చూపించాలి. వెనకవైపు అచ్చు వేసిన పదార్థాల జాబితా ఫోటో తీసి నాకూ పంపు.

నీ
సరళ