రంగు చూసి సిగార్ ఘాటు చెప్పలేం

మా చిత్తూరు షాపుకు వచ్చేవాళ్లందరికీ నమస్కారం. అద్దాల అరలో సిగార్లు సర్దే పద్ధతి మారుస్తున్నాం. ఇన్నాళ్లూ ధర వరసలో ఉండేవి. దాంతో ఖరీదైతే ఘాటనీ, నల్లగా లావుగా ఉంటే ఇంకా ఘాటనీ చాలామందికి ఒక లెక్క పడిపోయింది. "స్ట్రాంగ్‌ది ఇవ్వన్నా" అంటూ నల్లదాని మీదే వేలు పెడతారు. బేరం పోయినా పర్లేదు, ఆ లెక్క తప్పని చెప్పేస్తున్నా.

సిగార్‌కు మూడు పొరలు. లోపల నింపే పొగాకు ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే ఆకు బైండర్, పైన చుట్టే ఆకు ర్యాపర్. కంటికి కనిపించే రంగు ర్యాపర్‌ది మాత్రమే. లేత గోధుమరంగైతే క్లారో, ఎర్రగా ఉంటే కొలొరాడో, ముదురైతే మదురో, దాదాపు నలుపైతే ఓస్క్యూరో. మదురో ఆకును ఎక్కువ కాలం పులియబెడతారు కాబట్టి ఆ రంగు వస్తుంది, చాలాసార్లు కాస్త తియ్యదనం కూడా. ఘాటు మాత్రం ఎక్కువగా ఫిల్లర్‌లోనే ఉంటుంది. మొక్క పైభాగంలో ఎండ బాగా తగిలిన ఆకును లిహేరో అంటారు. అది ఎక్కువ కలిపితే, పైన ఎంత లేత రంగు ర్యాపర్ ఉన్నా తల తిరుగుతుంది.

లావు కథ వేరు. దాన్ని రింగ్ గేజ్‌లో కొలుస్తారు, అంగుళంలో 64వ వంతు ఒక గేజ్. రొబస్టో అంటే సుమారు 5 అంగుళాల పొడవు, 50 గేజ్. చర్చిల్ 7 అంగుళాలు, 47 గేజ్. ఇవి చెప్పేది సైజే, ఘాటు కాదు. తిన్నగా ఉండేవన్నీ పరేహో, టార్పెడోలా కొన తేలినవి ఫిగురాడో. మన చుట్ట రెండు చివర్లా తెరిచే ఉంటుంది, సిగార్‌కు లాగా మూసిన కొన కోయడానికి కట్టర్ అక్కర్లేదు. గోదావరి లంక పొగాకు చుట్టలు కావాలని పెద్దవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, వాటికి కింది అర ఇచ్చాం.

ఇకపై వరస ఇలా: చేత్తో చుట్టినవి, మెషిన్‌వి వేర్వేరు అరల్లో. ఆకు ముక్కలు నింపిన మెషిన్ సిగార్‌ను పూర్తి ఆకులు నింపిన సిగార్ రేటుకు అమ్మం. సగం ధరకే క్యూబావి ఇస్తామని ఒకాయన వచ్చాడు. పెట్టె మీద క్యూబా ప్రభుత్వ ఆకుపచ్చ వారంటీ పట్టీ లేదు, వద్దన్నాం. మీరైనా ఎక్కడ కొన్నా అది చూసుకోండి.

సిగరెట్ కంటే మేలట కదా అని అడిగేవాళ్లకు: కాదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఉంది. పొగాకు అమ్ముకుంటూ ఈ మాట దాచలేను. 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మం, వయసు మీద అనుమానం వస్తే ఆధార్ అడుగుతాం, ఏమీ అనుకోవద్దు.

కొండకు వెళ్తూ దారిలో ఆగేవాళ్లు ఏదీ కొనకండి. తిరుమలలో పొగాకు నిషేధం, అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. దర్శనం చేసుకుని తిరిగొచ్చేటప్పుడు రండి.