కొమ్ముల తేనెటీగ

శింగనమల,
అనంతపురం జిల్లా

ఒరే రాఘవా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఎంత తిట్టుకున్నా పడతాను. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది, చిన్నదానికి పరీక్షలు, వేరుశనగ ఈసారీ నిరాశపరిచింది, కంది మాత్రం విరగబూసింది. ఇక ఇంటి కబుర్లు చాలు. నీకు అర్జంటుగా ఒక ఈగ గురించి చెప్పాలి. నవ్వకు.

ఆస్ట్రేలియాలో కొమ్ములున్న తేనెటీగ దొరికిందిరా! కొమ్ములు నడినెత్తిన కాదు, ముఖం మీద. ఒక్కోటి 0.9 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు కూడా కాస్త తక్కువే. అవీ ఆడదానికే, మగదానికి లేవు. చదవగానే నాకు ఎవరు గుర్తొచ్చారో వేరే చెప్పాలా? రెండో అంతస్తు, సాయంత్రం స్టడీ అవర్, కిటికీ అవతల ఆ గొంతు... పోనీలే, పెద్దావిడ, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో బ్రెమర్ రేంజ్ అని కొండలున్నాయి. అక్కడ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని అడవి పూలమొక్క ఒకటి ఉంది, మరియాంథస్ అక్విలొనారిస్. అదీ అంతరించిపోయే స్థితిలో ఉంది. దాని పూల మీద ఏవేవి వాలుతున్నాయో చూద్దామని 2019లో కిట్ ప్రెండర్‌గాస్ట్ అనే శాస్త్రవేత్త వెళ్లింది. ఆమె వలలో పడింది ఈ కొమ్ముల ఈగ. పేరు మెగాకైల్ లూసిఫర్! వర్ణన రాస్తున్న రోజుల్లో ఆమె ఆ పేరున్న ధారావాహిక ఏదో చూస్తోందట, ఆ పేరే ఖాయం చేసింది. నువ్వు నాకు పెట్టిన పేరైతే ఇంకా బాగా నప్పేది గానీ, దాన్ని ఏ పత్రికా అచ్చు వేయదు.

ఈగ దొరికింది 2019లో, దాని వర్ణన శాస్త్ర పత్రికలో అచ్చయింది 2025లో. మధ్యలో అన్నేళ్లు ఏం చేశారని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. కొత్త ఈగ కనిపించగానే టముకు వేయడానికి లేదు. మ్యూజియం పెట్టెల్లో సూదులకు గుచ్చి ఉన్న పాతవాటితో పోల్చాలి. ఆడదాని ముఖం ఒకలా, మగదాని ముఖం ఒకలా ఉంటే రెండూ ఒకే జాతివని ఎలా నమ్మాలి? అందుకని డీఎన్ఏ తీసి చూశారు. ఆడా మగా ఒకదానితో ఒకటి సరిపోయాయి, రికార్డుల్లో ఉన్న మరే ఈగతోనూ సరిపోలేదు. ఆ తర్వాత వర్ణన. ప్రబంధ కవులు నాయికను ఆపాదమస్తకం వర్ణిస్తారే, అంత ఓపిక కావాలి. ఏ వెంట్రుక ఏ రంగు, రెక్కలో ఈనెలు ఎలా సాగాయి, దవడకు పళ్లెన్ని, అన్నీ రాయాలి. పైగా ఒక ఈగను మూల నమూనాగా ఎంచి భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాని దగ్గరికే రావాలి.

మెగాకైల్ అన్న మాట చూసి ఆగిపోయాను. మన కంది చేలో తిరిగే ఈగల్లోనూ ఆ ప్రజాతివి, అంటే దాని దగ్గరి చుట్టాలు, ఉన్నాయి! ఎండ కాస్త ఎక్కాక వెళ్లి చాళ్ల మధ్య కూర్చున్నాను. ఒకటి వచ్చింది. పువ్వు కింది రెక్కల మీద కాళ్లు ఆనించి బలంగా నొక్కింది. లోపల దాక్కున్న కేసరాలు పైకి లేచి దాని పొట్టకు రాసుకున్నాయి. తేనెపట్టు పెట్టే తేనెటీగలా ఇది పుప్పొడిని వెనక కాళ్లకు అంటించుకోదు. పొట్ట కింద దట్టమైన వెంట్రుకల్లో మోసుకుపోతుంది. లేచి వెళ్తుంటే కడుపంతా పసుపు పూసినట్టే. మరొకటి ఆకు అంచున వాలి, దవడలతో గుండ్రంగా ముక్క కోసి, దాన్ని కాళ్ల సందున ఇరికించుకుని ఎగిరిపోయింది.

వీటికి తేనెపట్టు లేదు, రాణి లేదు, పటాలం లేదు. ఎవరి సంసారం వారిదే. ఏ బొరియలోనో ఆకు ముక్కలతో గది అల్లి, పుప్పొడీ మకరందమూ కలిపిన ముద్ద పెట్టి, ఒక్క గుడ్డు పెట్టి మూసేస్తాయి. ఆ పక్కనే ఇంకో గది. లోపలి గదుల్లో ఆడపిల్లలు, వాకిలి దగ్గర మగపిల్లలు. ముందు బయటపడేది మగవాళ్లే. గుడ్డు ఆడో మగో తేల్చేది కూడా తల్లే. మన పెద్దమ్మకు ఈ సంగతి తెలిస్తే...

కానీ రాఘవా, మనసు బాగాలేదు. పూత మీద ఉండగా, సరిగ్గా ఈగలు తిరిగే పొద్దున పూటే, పక్క చేలో మందు కొట్టారు. సాయంత్రం కొట్టుకోవచ్చు కదయ్యా అంటే నన్ను వింతగా చూశారు. అక్కడ ఆ కొమ్ముల ఈగకూ గనుల తవ్వకంతో ముప్పుందని ప్రెండర్‌గాస్ట్ హెచ్చరించింది. ఇన్నాళ్లకు పేరొచ్చింది, తీరా గూడుకు చోటే లేకపోతే... సరే వదిలేయ్.

మన చేలో తిరిగేవాటిలో పేరు లేనిది ఒక్కటైనా ఉంటుందని నా గట్టి అనుమానం. అందుకే నువ్వొక పని చేయాలి. కోఠీలో పది రెట్లు చూపించే భూతద్దం కొని పంపు. చవకది కొనకు, గొడుగు విషయంలో చేసినట్టు చేశావంటే ఊరుకోను. ఓబులేసు ఆటో వచ్చేసింది, తపాలా వాళ్లు సంచి కట్టేలోపు ఇది చేర్చాలట. మిగతాది మళ్లీ

నీ
శీను