చీమకు దగ్గరి చుట్టం చెదపురుగు కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో చీమలపై మీరు ప్రచురించిన వ్యాసం ఆసక్తిగా చదివాను. చీమల శ్రమవిభజనను రచయిత చక్కగా వర్ణించారు గానీ, చీమలనూ చెదలనూ ఒకే వంశపు జీవులనడం పొరపాటు. చీమలు పెట్టిన పుట్టలు పాములకు నెలవయ్యాయని సామెత చెప్పుకుంటాం కానీ, ఆ పుట్టలు కట్టేవి చెదలే కాబట్టి ఈ పొరపాటు మనకు కొత్తది కాదు. చెదలు బొద్దింకల వంశంలోనివని, కలప తినే ఒక రకం బొద్దింక వాటికి అతి దగ్గరి బంధువని 2007 నాటి డీఎన్‌ఏ విశ్లేషణ గట్టిగా చూపింది. రాణి, శ్రామికులు అనే ఏర్పాటు చీమల్లోనూ చెదల్లోనూ వేర్వేరుగా రూపుదిద్దుకుంది.

చీమలది కందిరీగలు, తేనెటీగలు ఉన్న వర్గం. ఆ వర్గంలో వాటికి ఎవరు దగ్గరన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. శరీర లక్షణాలను పోల్చినవారు చూరుకింద కాగితంలాంటి గూడు కట్టే కందిరీగల పక్కన వాటిని చేర్చారు. 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు వందలాది జన్యువులను పోల్చి చూడగా, తేనెటీగలూ, సాలీళ్లను వేటాడి మట్టిగూళ్లలో దాచే సన్ననడుము కందిరీగలూ ఉన్న శాఖే చీమలకు అతి సమీపమని తేలింది. మా ఇంట్లో స్విచ్‌బోర్డు పక్కన అలాంటిదొకటి మట్టిగొట్టాలు కట్టి, కుట్టి కదలకుండా చేసిన సాలీళ్లను ఒక్కొక్కటిగా లోపల కుక్కి మూత వేస్తుంటుంది. చూపుకు అది చూరుకింది కందిరీగకు తోబుట్టువులా ఉన్నా, వంశావళిలో మాత్రం గోడమీద పాకే చీమకే దగ్గర.

చీమలు 14 కోట్ల ఏళ్ల క్రితం పుట్టాయని వ్యాసం ఖరారుగా రాసింది. 2006లోనే జన్యువుల ఆధారంగా ఒక బృందం 14 నుంచి 16.8 కోట్ల ఏళ్లని, మరో బృందం 11.5 నుంచి 13.5 కోట్ల ఏళ్లని లెక్కగట్టాయి. జన్యుమార్పుల వేగాన్ని శిలాజాలతో సరిచూసే పద్ధతి కనుక, ఏ శిలాజాన్ని ఏ కొమ్మకు తగిలించారన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. బ్రెజిల్ సున్నపురాయిలో గుర్తించినట్లు 2025లో వెల్లడించిన చీమ శిలాజం వయసు సుమారు 11.3 కోట్ల ఏళ్లు కనుక, చీమలు అంతకు ముందే పుట్టాయని మాత్రం చెప్పగలం.

సవరణ వేసేటప్పుడు, వ్యాసంలో రెక్కల చీమలంటూ వేసిన బొమ్మను కూడా మార్చగలరు. నాలుగు రెక్కలూ ఒకే పొడవుతో, మోచేతిలాంటి వంపు లేని తిన్నని మీసాలతో, సన్నని నడుమే లేకుండా అందులో కనిపిస్తున్నవి రెక్కల చీమలు కావు, తొలకరికి దీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు, అంటే రెక్కల చెదలు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి