అజైల్ నేర్పాలంటే ఆడించండి

సంపాదకులు గారికి,

అజైల్ అంటే పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతి. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు ఎక్కువగా వాడతాయి. దాని ట్రైనింగ్ అంటే చాలాచోట్ల రోజంతా స్లైడ్లు చూపించి, నాలుగు కొత్త పదాలు బట్టీ పట్టించి పంపేస్తున్నారు. 2001లో 17 మంది రాసిన అజైల్ మేనిఫెస్టోలో మొదటి మాటే, పద్ధతులు, పనిముట్ల కంటే మనుషులు, వాళ్ల మధ్య మాటామంతీ ముఖ్యమని. మరి దాన్ని ఎవరూ నోరు విప్పని గదిలో ఎలా నేర్పుతారు?

పీటర్ స్కిల్‌మన్ తయారుచేసిన మార్ష్‌మాలో ఆట చూడండి. 20 పచ్చి స్పగెట్టి పుల్లలు, గజం టేపు, గజం దారం, 18 నిమిషాల టైము. నలుగురు కలిసి వీలైనంత ఎత్తుగా కట్టి, కొసన మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి నిలబెట్టాలి. పెద్దవాళ్లు ఎక్కువసేపు ప్లాన్ వేసుకుని, మిఠాయిని ఆఖరి నిమిషంలో పెడతారు, ఆ బరువుకి అంతా కూలిపోతుంది. చిన్నపిల్లలు మొదటి నుంచే మిఠాయి పెట్టి చూస్తూ, పడితే మళ్లీ కడతారు. ముందే పరీక్షించుకోవడం అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఏ స్లైడూ చెప్పలేదు.

లెగో ఇటుకలతో ఊరు కట్టించే ఆట కూడా అంతే. కొన్ని నిమిషాలకొక స్ప్రింట్ (అంటే ఒక చిన్న పని విడత), ప్రతిసారీ కస్టమర్ పాత్రలో ఉన్న మనిషి వచ్చి చూస్తాడు. నేను అడిగింది ఇది కాదు అంటాడు. అడక్కుండా కట్టేశామని టీమ్‌కి అప్పుడు తెలుస్తుంది.

ట్రైనర్లకు నా విన్నపం ఒకటే. ఆట అయిపోగానే టైము లేదని చర్చ ఎగ్గొట్టకండి. ఎవరు మాట్లాడారు, ఎవరి మాట వినలేదు, రెండోసారి ఏం మార్చారు అన్నది అక్కడే బయటపడుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు